ఓపీ చీటీలో లేని ప్రశ్న

కృష్ణ ఒడ్డున ఉన్న ముక్త్యాల నుంచి జగ్గయ్యపేట, నందిగామల దాకా పరుచుకున్న మెట్ట ప్రాంతం తెలుగునాట మద్య విధానాల ఎగుడుదిగుళ్లన్నిటినీ సరిహద్దు మీద నిలబడి చూసింది. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమల్లోకి రాగా, జగ్గయ్యపేట దాటగానే మొదలయ్యే హైదరాబాదు రాష్ట్రంలో ఆబ్కారీ ఖజానాకు పెద్ద దిక్కుగా కొనసాగింది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం మరుసటి సంవత్సరం నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోవడానికి మద్యనిషేధ వివాదమే కారణమయింది. 1969లో కోస్తా, రాయలసీమల్లో నిషేధం తొలగింది. ఆ తరవాతి కాలంలో సారా ప్యాకెట్లలోకి మారి మారుమూల పల్లెలకు చేరింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వెళ్లే ఆడవాళ్లు, వాచకంలో చదువుకున్న సీతమ్మ కథను తమ కథగా గుర్తించి, సారా దుకాణాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టిన తరవాత ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాను, 1995 జనవరి 16న మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. 2014 జూన్ 2న రాష్ట్ర విభజనతో జగ్గయ్యపేట పక్కనున్న పాత సరిహద్దు మళ్లీ ప్రాణం పోసుకుంది. 2019 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడపగా, 2024 అక్టోబరు 16 నుంచి అవి తిరిగి ప్రైవేటు వ్యాపారుల చేతికి వెళ్లాయి.

ఇన్ని మలుపుల్లోనూ మద్యం ఎక్సైజు శాఖ లెక్కల్లో, పోలీసుల కేసుల్లో, ఎన్నికల వాగ్దానాల్లో కనిపించిందే తప్ప, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఓపీ చీటీ మీదికి మాత్రం రాలేదు. బీపీ ఎంత, సుగరు ఎంత, జ్వరం ఎన్నాళ్లుగా అని రాసుకునే ఆ చీటీలో, వారానికి ఎన్నిసార్లు తాగుతారు, తాగినప్పుడు ఎంత తాగుతారు అనే రెండు ముక్కలకు చోటు లేకపోవడం చిన్న లోపంలా కనిపించవచ్చు గాని, మద్యం వల్ల జరిగే హానిలో అధిక భాగాన్ని ముందే పట్టుకోగలిగిన ఏకైక స్థానంలో ఆ హానిని కనిపించకుండా చేస్తున్నది ఆ లోపమే. నిషేధం ఉండాలా వద్దా అన్న వాదన డెబ్బై ఏళ్లకు పైగా సాగినా, తాగే మనిషి కడుపునొప్పితోనో కాలి గాయంతోనో బీపీ మాత్రల కోసమో తనంతట తానే ఆసుపత్రి మెట్టెక్కిన రోజున అతన్ని ఏమి అడగాలన్న చర్చ దాదాపు జరగనేలేదు.

సరిహద్దుకు ఈవలా ఆవలా పరిస్థితి ఎలా ఉందో అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే స్థూలంగా చూపింది. పదిహేనేళ్లు దాటిన మగవారిలో మద్యం తాగేవారు ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం కాగా తెలంగాణలో 43.3 శాతం, స్త్రీలలో ఈ సంఖ్యలు 0.5, 6.7 శాతాలు. ఈ రెండు రాష్ట్రాల్లో సర్వే 2019 వేసవి తరవాత మొదలై నవంబరులో ముగిసింది కనుక, ఈ తేడాను ఆంధ్రప్రదేశ్‌లో ఆ తరవాత పెరిగిన ధరలకు ముడిపెట్టడం సరికాదు. ఇంటిల్లిపాదీ కల్లు తాగే ఆచారం తెలంగాణ పల్లెల్లో బలంగా ఉండటం, కోస్తా జిల్లాల్లో ఆడవాళ్లు తాగడం మీద గట్టి సామాజిక నిషిద్ధం ఉండటం ఈ వ్యత్యాసానికి కొంతవరకు కారణాలు. అయితే తాగేవారి శాతం తక్కువగా ఉన్నంత మాత్రాన హాని తక్కువని అనుకోవడానికి వీల్లేదు. కొద్దిమందే తాగినా తాగినప్పుడల్లా మత్తెక్కేదాకా తాగే పద్ధతి భారతదేశంలో ఎక్కువ, శరీరానికీ సంసారానికీ ఎక్కువ నష్టం చేసేదీ ఆ పద్ధతే.

ఎంత తాగితే ఎంత అన్న లెక్క దగ్గరే వైద్యులకూ రోగులకూ మాట కలవదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సీసాలనూ గ్లాసులనూ పక్కనపెట్టి, వాటిలో ఉన్న అసలు ఆల్కహాలు బరువును లెక్కిస్తుంది. పది గ్రాముల ఆల్కహాలును ఒక ప్రామాణిక పాళం అంటారు. భారతదేశంలో దొరికే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు సాధారణంగా 42.8 శాతం ఉంటుంది; అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో సుమారు 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది, దాని బరువు సుమారు 60 గ్రాములు. ముప్పై మిల్లీలీటర్ల పెగ్గు ఒక పాళం, నైంటీ మూడు పాళాలు, క్వార్టరు ఆరు. ఎనిమిది శాతం ఆల్కహాలు ఉండే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటే నాలుగు పాళాలు కాబట్టి, బీరు తాగితే తాగినట్టు కాదన్న మాటకు ఈ లెక్కలో ఆధారం లేదు. ఒకే విడతలో 60 గ్రాములు, అంతకు మించి తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన మోతాదుగా గుర్తిస్తుంది. మెట్ట పల్లెల్లో ఓ మోస్తరుగా తాగుతాడని పేరున్న మనిషి ఒక సాయంత్రం ఖాళీ చేసే క్వార్టరు సరిగ్గా ఆ గీత మీద నిలుస్తుంది.

కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాముల ఆల్కహాలును మాత్రమే విచ్ఛిన్నం చేయగలదు. ముందుగా దాన్ని ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా, తరవాత ఎసిటేటుగా మారుస్తుంది. ఈ వేగాన్ని మజ్జిగ గాని, నిమ్మరసం గాని, చన్నీళ్ల స్నానం గాని పెంచలేవు. రాత్రి పదకొండింటికి క్వార్టరు ముగించిన లారీ డ్రైవరు తెల్లవారుజామున అయిదింటికి విజయవాడ-హైదరాబాదు జాతీయ రహదారి ఎక్కినప్పుడు, తూలకపోయినా, వాసన రాకపోయినా, అతని రక్తంలో ఇంకా ఆల్కహాలు ఉండవచ్చు. మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల వరకే అనుమతిస్తుంది. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన అయిదువందల మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో తీర్పు ఇచ్చినా, ఆ తరవాత చిన్న జనావాసాల్లో ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించడం, పట్టణ పరిధులను మినహాయించడం వల్ల తీర్పు పదును చాలావరకు పోయింది.

క్వార్టరు లెక్క ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆరోగ్య వ్యవస్థ దాన్ని ఎందుకు గుర్తించలేకపోతున్నదో తెలుసుకోవాలంటే, ఆశా కార్యకర్త చేతిలోని ఒక కాగితాన్ని దగ్గరగా చూడాలి. బీపీ, మధుమేహం, క్యాన్సరు వంటి అసాంక్రమిక వ్యాధులను, అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకోని దీర్ఘకాల జబ్బులను, ముందే పసిగట్టడానికి ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఇంటి దగ్గరే నింపే ఫారం అది. వయసుకు ఇన్ని మార్కులు, నడుము చుట్టుకొలతకు ఇన్ని, పొగాకుకు ఇన్ని అని కూడి, నాలుగు మించితే ఆ వ్యక్తిని పరీక్షలకు ముందుగా పంపుతారు. అందులో మద్యం గురించిన ప్రశ్న ఒకటే: రోజూ తాగుతారా? అవునంటే ఒకటి, కాదంటే సున్నా. శనివారం కూలిడబ్బులు చేతికి రాగానే క్వార్టరు తాగి, ఆదివారం పడుకుని, సోమవారం మిరప చేలోకి దిగే మనిషి ఈ ప్రశ్నకు నిజాయితీగా కాదని చెప్పి సున్నా తెచ్చుకుంటాడు.

అదే మనిషిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో అనేక దేశాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించి తయారుచేసిన ఆడిట్ ప్రశ్నావళితో అడిగితే ఫలితం మరోలా ఉంటుంది. పది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగు మార్కుల వరకు, మొత్తం నలభై. నెలకు రెండు నుంచి నాలుగుసార్లు తాగడానికి రెండు. తాగినప్పుడు అయిదారు పాళాలు తాగడానికి రెండు. ఒకే విడతలో ఆరు పాళాలు, అంతకు మించి తాగడం వారం వారం జరుగుతున్నందుకు మూడు. మొదటి మూడు ప్రశ్నలకే ఏడు వచ్చాయి. తగ్గించమని గత సంవత్సర కాలంలో ఇంట్లోవాళ్లు గాని, స్నేహితులు గాని, వైద్యులు గాని చెప్పారా అన్నది చివరి ప్రశ్న, చెబితే నాలుగు. భార్య పోరు పెట్టని ఇల్లు అరుదు కనుక మొత్తం పదకొండు. ఎనిమిది నుంచి హానికర స్థాయి, పదహారు నుంచి విడిగా కూర్చోబెట్టి మాట్లాడవలసిన స్థాయి, ఇరవై నుంచి వ్యసనం ఉందేమో వైద్యుడు నిర్ధారించవలసిన స్థాయి. ఒక ఫారంలో సున్నా అయిన మనిషి మరో ఫారంలో పదకొండు కావడానికి అతనిలో మార్పేమీ రాలేదు, అడిగిన తీరే మారింది.

ప్రజారోగ్యంలో ఈ మధ్యస్థాయి తాగుడుకు ఎందుకు ఇంత ప్రాధాన్యం ఇస్తారో 1986లో బ్రిటన్ మనోవైద్య పరిశోధకుడు నార్మన్ క్రైట్మన్ వివరించాడు. తీవ్రంగా తాగేవారిలో ఒక్కొక్కరికి ప్రమాదం ఎక్కువే అయినా వారు కొద్దిమంది; ఓ మాదిరిగా తాగేవారిలో ఒక్కొక్కరికి ప్రమాదం తక్కువే అయినా వారి సంఖ్య చాలా ఎక్కువ కావడం వల్ల, ఊరు మొత్తం మీద జరిగే గాయాలు, గొడవలు, పని నష్టాల్లో పెద్ద భాగం ఈ రెండో గుంపు నుంచే వస్తుంది. నివారణ వైరుధ్యం అని పేరున్న ఈ పరిశీలన పల్లె దృష్టికి కొంచెం ఎదురుగా నడుస్తుంది. పల్లె దృష్టిలో తాగుబోతు అంటే రచ్చబండ పక్కన పడి ఉండే ఒకరిద్దరు. మిగిలినవాళ్లంతా తాగుతారు గాని తాగుబోతులు కారు. ఆ మిగిలినవాళ్లే ఓపీ వరసలో నిలబడి ఉంటారు.

ఓపీ వరసలో వాళ్ల ఫిర్యాదులు మద్యం పేరుతో రావు. మాత్రలు సరిగా వేసుకుంటున్నా బీపీ దిగదు. రోజుకు ఒక మోతాదు మించి తాగడం బీపీని పెంచుతుందని, తగ్గిస్తే కొద్ది వారాల్లోనే అది దిగుతుందని వైద్యశాస్త్రం నిర్ధారించింది. గ్యాస్ నొప్పి అని ఆర్‌ఎంపీ దగ్గర తీసుకున్న మాత్రలు ఎన్ని మింగినా కడుపు మంట తగ్గదు. సుగరు మాత్ర వేసుకుని, అన్నం తినకుండా తాగి పడుకున్న మనిషికి అర్ధరాత్రి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, ఎందుకంటే కొత్తగా చక్కెర తయారుచేసే పనిని కాలేయం ఆ సమయంలో పక్కనపెడుతుంది. ఇంట్లోవాళ్లు మత్తు అనుకుని వదిలేస్తారు. క్షయ చికిత్సలో ఉన్నవారికి ఆ మందులే కాలేయానికి భారం. దాని మీద మద్యం తోడైతే కామెర్లు వచ్చి చికిత్స మధ్యలో ఆగిపోవచ్చు. పత్తి, మిరప సాగయ్యే ప్రాంతాలకు మరొక ముప్పు ఉంది. పురుగుమందు తాగి ఆసుపత్రికి వచ్చినవారిలో చెప్పుకోదగ్గ సంఖ్యలో మగవారు ఆ క్షణానికి మద్యం మత్తులో ఉన్నారని శ్రీలంకలో జరిగిన పరిశోధనలు చూపాయి. డబ్బా ఇంట్లో ఉండటం, మనసు అదుపు తప్పడం ఒకే గంటలో కలిసినప్పుడు, మత్తు దిగాక ఆగిపోయేవాడు కూడా ఆగడు.

ఇలా పట్టుకున్న మనిషితో ఏమి చేయాలన్నదానికి ప్రాథమిక వైద్యంలో ఉన్న జవాబు క్లుప్త సలహా. అయిదు నుంచి ఇరవై నిమిషాల సంభాషణ అది. తిట్టడం, బెదిరించడం, ఒట్టు వేయించుకోవడం అందులో ఉండవు. అతని లెక్కను అతనికే చూపించడం, అతను వచ్చిన బాధకు తాగుడుకు ఉన్న సంబంధాన్ని విప్పడం, తగ్గిస్తే అతనికి కలిగే మేలు ఏమిటో అతని నోటితోనే చెప్పించడం, రెండు వారాలకు ఒక చిన్న లక్ష్యం పెట్టుకోవడం, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పడం, అంతే. దీని ఫలితాన్ని పెంచి చెప్పడం సరికాదు. 2018లో వెలువడిన కొక్రేన్ సమీక్ష ప్రకారం, ఏ సలహా లేని లేదా నామమాత్రపు సలహా ఉన్నవారితో పోలిస్తే క్లుప్త సలహా పొందినవారు ఏడాది తరవాత వారానికి సుమారు 20 గ్రాముల ఆల్కహాలు తక్కువ తాగుతున్నారు. అంటే రెండు పెగ్గులు. ఇంగ్లండులో 2013లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో స్కోరు చెప్పి కరపత్రం ఇచ్చినా, అయిదు నిమిషాల సలహా ఇచ్చినా, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టినా ఫలితంలో తేడా కనిపించలేదు. దీన్ని సలహా పనికిరాదనడానికి సాక్ష్యంగా చూపేవారున్నారు. కాని ఆ అధ్యయనంలో మూడు గుంపుల్లోనూ ప్రతి ఒక్కరినీ అడిగారు, స్కోరు చెప్పారు. రోజూ డెబ్బై ఎనభై మందిని చూడవలసిన పల్లె డాక్టరుకు అందులో ఊరట ఉంది: సుదీర్ఘ ఉపన్యాసం అక్కరలేదు, అడగడం మానకుండా ఉంటే చాలు.

భారతదేశంలో ఇంతకన్నా బలమైన సాక్ష్యం గోవా నుంచి వచ్చింది. అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆడిట్ స్కోరు పన్నెండు నుంచి పంతొమ్మిది మధ్య ఉన్న మగవారితో, వైద్య చదువు లేని, కొద్దికాలం శిక్షణ పొందిన సామాన్య సలహాదారులు ముప్పావుగంటకు మించని విడతలుగా నాలుగుసార్ల వరకు మాట్లాడారు. 2017లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మూడు నెలల తరవాత హానికర స్థాయి నుంచి బయటపడినవారు సలహా పొందినవారిలో 36 శాతం, పొందనివారిలో 26 శాతం. పన్నెండు నెలలకు ఆ తేడా మరింత పెరిగి 54కు 32 అయింది. మనోవైద్య నిపుణులు జిల్లాకు ఒకరిద్దరు కూడా దొరకని దేశంలో, పని ఎవరు చేయాలన్న ప్రశ్నకు ఈ అధ్యయనం ఆచరణసాధ్యమైన జవాబు ఇచ్చింది. అవసరం ఎంతటిదో 2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన జాతీయ సర్వే చెప్పింది: మద్య వ్యసనం ఉన్న ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతున్నది, నూట ఎనభై మందిలో ఒక్కరికే ఆసుపత్రిలో చేరి పొందే చికిత్స దొరుకుతున్నది.

అయితే జగ్గయ్యపేట మండలంలోని పల్లెలో ఈ ప్రశ్న ఎవరు అడగాలన్నది కాగితం మీద తేలే విషయం కాదు. ఆశా కార్యకర్త ఆ ఊరి కోడలు. పక్క వీధి మగవాణ్ణి, వరసకు బావో మామో అయ్యేవాణ్ణి, అతని ఇంటి అరుగు మీద నిలబడి ఎంత తాగుతావని అడగడం ఆమెకు ఇబ్బంది, అతనికి అవమానం, మర్నాటికి అది వీధి కబురు. అందువల్ల ఫారంలో సున్నాలు పడటంలో ఆమె తప్పు లేదు. అదే ప్రశ్న గ్రామ ఆరోగ్య కేంద్రంలో, తలుపు దగ్గరగా వేసి, బీపీ చూసే పట్టీ చేతికి చుట్టి ఉండగా, మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడరుగా పనిచేసే నర్సు అడిగితే అది వైద్యంలో భాగమవుతుంది. బీడీ తాగుతారా, ఉప్పు ఎక్కువ తింటారా, మందు ఎన్ని రోజులకోసారి తీసుకుంటారు అని వరసలో అడిగినప్పుడు, మూడో ప్రశ్నకు విడిగా గుచ్చుకునే గుణం ఉండదు. రోజూ తాగుతారా అని కాక, తాగిన రోజున క్వార్టరు అవుతుందా, నైంటీతో ఆపుతారా అని అడిగితే జవాబు నిజానికి దగ్గరగా వస్తుంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో డాక్టరు 104 వాహనంలో నెలకు రెండుసార్లు ప్రతి గ్రామ కేంద్రానికి రావాలని ఏర్పాటు చేశారు. రెండు వారాల లక్ష్యం పెట్టుకున్న మనిషిని మళ్లీ చూడటానికి ఇంతకన్నా అనువైన కాలవ్యవధి దొరకదు.

స్కోరు ఇరవై, అంతకు మించి వచ్చిన మనిషి సంగతి వేరు. అతనికి సలహా సరిపోదు, హఠాత్తుగా మానేయమని చెప్పడం ప్రాణాంతకం కూడా కావచ్చు. మెదడులో నాడీకణాలను శాంతపరిచే గాబా వ్యవస్థను మద్యం బలపరుస్తుంది, ఉద్రేకపరిచే గ్లూటమేటు వ్యవస్థను అణచిపెడుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే మెదడు సమతూకం కోసం మొదటిదాన్ని తగ్గించుకుని రెండోదాన్ని పెంచుకుంటుంది. తాడులాగుడు పందెంలో ఒక పక్షం చేతులు వదిలేస్తే రెండో పక్షం వెల్లకిలా పడినట్టు, మద్యం ఒక్కసారిగా ఆగినప్పుడు ఉద్రేకం అదుపు లేకుండా ఎగసిపడుతుంది. ఏరియా ఆసుపత్రిలో ఇది సాధారణంగా ఒక క్రమంలో కనిపిస్తుంది. బండి మీంచి పడి కాలు విరిగిన మనిషి సాయంత్రం చేరతాడు. మర్నాటి ఉదయానికి చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. నొప్పి వల్ల అనుకుంటారు. రెండు రోజుల్లోపు ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. రెండో రాత్రికో మూడో రాత్రికో గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, చనిపోయిన తండ్రి పిలుస్తున్నాడంటాడు, సెలైను పీకి లేచి నడవబోతాడు; గాలి సోకిందని బంధువులు తాయెత్తు కట్టే మనిషిని తెమ్మంటారు. డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితి చికిత్స లేకపోతే చంపగలదు, సకాలంలో గుర్తిస్తే చాలా మటుకు నివారించగలిగేది. క్లోర్‌డయజిపాక్సైడ్, డయజిపామ్, కాలేయం బాగా చెడినవారికి లోరజిపామ్ వంటి మందులను తగిన మోతాదులో మొదలుపెట్టి క్రమంగా తగ్గించడం, గ్లూకోజు ఎక్కించేముందే బి1 విటమిన్ అయిన థయమిన్ ఇంజెక్షను ఇవ్వడం, ఇంతే దాని వైద్యం. తిండి తగ్గి థయమిన్ కరువైన శరీరానికి వట్టి గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి, చూపు చెదిరి, నడక తప్పి, జ్ఞాపకశక్తి తిరిగి రానంతగా దెబ్బతినవచ్చు. చేరిన రోజునే చివరిసారి ఎప్పుడు తాగారని అడిగి కేసు షీటులో రాస్తే, ఆ రెండో రాత్రి రాకుండా చూడవచ్చు.

ఈ చికిత్స అందని చోట తాగుడు మాన్పించే పొడుల వ్యాపారం పుంజుకుంటుంది. వాటిలో ఏమి కలుపుతారో తెలియదు. డాక్టరు రాసిన డైసల్ఫిరామ్ మాత్రను కూడా భర్తకు తెలియకుండా సాంబారులో కలిపి పెట్టే భార్యలు ఉన్నారు. వాళ్ల ఆవేదన అర్థం చేసుకోదగినదే. కాని ఎసిటాల్డిహైడ్ విచ్ఛిన్నాన్ని అడ్డుకునే ఆ మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం సంభవిస్తాయి, అది ప్రాణం మీదికి రావచ్చు. తెలిసి, ఒప్పుకుని, గుండె, కాలేయం పరీక్ష చేయించుకున్నాకే వేసుకోవలసిన మందు అది. కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, ఆకాంప్రోసేట్ వంటివి ఉన్నా, వాటిని రాసే మనోవైద్యుడి కోసం జగ్గయ్యపేట నుంచి విజయవాడకు డెబ్బై కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. కూలి పోగొట్టుకుని నెలనెలా ఆ ప్రయాణం చేసేవారు తక్కువ. మొదటి చీటీ విజయవాడలో రాసినా, తరవాతి నెలల మాత్రలు మండల కేంద్రంలోనే ఇచ్చే ఏర్పాటు లేకపోతే చికిత్స మధ్యలో తెగిపోతుంది.

వ్యక్తులతో మాట్లాడటం ఎంత అవసరమో, వాళ్ల చుట్టూ సరుకు ఎంత సులువుగా, ఎంత చవకగా దొరుకుతున్నదన్నది అంత ముఖ్యం. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన అయిదు ప్రధాన చర్యల్లో చికిత్స ఒకటి మాత్రమే. లభ్యతను కట్టడి చేయడం, తాగి బండి నడపడాన్ని అరికట్టడం, ప్రకటనలను నిషేధించడం, ధర పెంచడం మిగిలినవి. ధర పనిచేస్తుందనడానికి స్కాట్లండు మంచి ఉదాహరణ. 2018 మే 1 నుంచి అక్కడ ఒక యూనిట్ ఆల్కహాలుకు 50 పెన్నీల కనీస ధర పెట్టగా, పూర్తిగా మద్యం వల్లనే సంభవించే మరణాలు అంచనాలతో పోలిస్తే సుమారు 13 శాతం తగ్గినట్టు 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆంధ్రప్రదేశ్ 2020 మేలో ఒక్క వారంలోనే ధరలను మొత్తం 75 శాతం పెంచింది. కాని జగ్గయ్యపేటకు ఒక చిక్కు ఎదురైంది: గరికపాడు చెక్‌పోస్టు దాటితే కోదాడ వైపు తక్కువ ధర, తెలిసిన బ్రాండ్లు ఉండేవి. ధరల తేడాను ఆసరా చేసుకుని పక్క రాష్ట్రం సీసాలు ద్విచక్ర వాహనాల మీద, లారీల్లో, పొలం దారుల్లో వచ్చాయి. పట్టుబడిన సీసాలను వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించడం ఆ ఏళ్లలో కృష్ణా జిల్లా వార్తల్లో మామూలయింది. ఒక రాష్ట్రం ఒంటరిగా పెంచిన ధర ఫలితం సరిహద్దు మండలాల్లో పలచబడుతుంది. ఇరు రాష్ట్రాల ఎక్సైజు శాఖలు కూర్చుని ధరల మధ్య అంతరానికి ఒక హద్దు పెట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు కనుక ఆ అధికారం రెండు ప్రభుత్వాల చేతుల్లోనే ఉంది. అలాగే, లైసెన్సు ఉన్న దుకాణాల సంఖ్యను ఎంత కుదించినా, కిరాణా కొట్టు వెనక, పాక చాటున నడిచే బెల్టు షాపు మిగిలి ఉన్నంతకాలం లభ్యత తగ్గదు. తెల్లవారకముందే చేయి వణికే మనిషికి అందుబాటులో ఉండేది ఆ షాపే.

సరఫరాను ఒక్కసారిగా మూసేసి చికిత్సను తెరవకపోతే ఏమవుతుందో 2020 చూపింది. మార్చి చివర లాక్‌డౌనుతో దుకాణాలు మూతపడగా, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు మద్యం, కల్తీ కల్లు ఆగిపోయి వణుకుతూ, ఫిట్స్‌తో, మతిభ్రమణంతో వచ్చినవారు ఒక్కసారిగా వెల్లువెత్తారు. జూలై ఆఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడి వల్ల దుకాణాలు మూసి ఉన్న రోజుల్లో, శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో యాచకులు, కూలీలు ఉన్నారు. కట్టడి అవసరమైనదే, దానితోపాటు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పది రోజుల మాత్రలు, థయమిన్ సూదులు, ఎక్కడికి రావాలో చెప్పే ఒక ప్రకటన ఉంటే ఆ మరణాల్లో కొన్నయినా తప్పేవి.

దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఎదిరించినప్పుడు వాళ్లు చెప్పుకున్న బాధలో దెబ్బలు, అప్పులు, పిల్లల ఆకలి ఉన్నాయి. ఈ బాధలు కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తాయి. నిద్ర పట్టడం లేదని, తలనొప్పి అని, గడప తగిలి చేయి బెణికిందని వస్తాయి. తాగే మనిషి ఎప్పటికీ రాకపోయినా అతని భార్య వస్తుంది కనుక, ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగడం కూడా ఈ వైద్యంలో భాగమే. ఆమెకు భద్రత అవసరమైతే ఎవరిని కలవాలో చెప్పడం, భర్తను మానిపించే బాధ్యత మొత్తం ఆమె నెత్తిన వేయకపోవడం, అతను ఒక్కసారిగా మానేసినప్పుడు వణుకు మొదలైతే అర్ధరాత్రయినా 108కి ఫోను చేయాలని వివరించడం నర్సుకు పది నిమిషాల పని. పొదుపు సంఘాల నెలవారీ సమావేశాల్లో క్వార్టరులో ఎన్ని గ్రాములు ఉంటాయో, మానేసేటప్పుడు ఏ లక్షణాలు ప్రమాదకరమో ఒకసారి చెబితే, ఆ సమాచారం ఇంటింటికీ చేరుతుంది.

తాగుడు మానేసినవారిలో సగానికి పైగా ఏడాదిలోపే మళ్లీ మొదలుపెడతారు. మొదటి మూడు నెలల్లో ఆ ముప్పు అన్నిటికన్నా ఎక్కువ. బీపీ మాత్రలు మధ్యలో ఆపినవాణ్ణి నర్సు కోప్పడి పంపేయదు, మళ్లీ పట్టీ చుట్టి అంకె రాసుకుని మాత్రలు ఇస్తుంది. అలాగే, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలోనో, మేనల్లుడి పెళ్లిలోనో మళ్లీ గ్లాసు పట్టిన మనిషి సిగ్గుతో నెల రోజులు కేంద్రం వైపు రాకపోతే, అతని పేరు రిజిస్టరులో ఉంది కనుక 104 బండి వచ్చే రోజున అతనికి ఫోను చేసి రమ్మనడం, వచ్చాక ఎన్ని రోజులు తాగకుండా ఉన్నాడో ముందు అడిగి, ఏ రోజున ఎందుకు మొదలైందో తరవాత అడగడం ఆ కేంద్రంలో పనిచేసేవారికి నేర్పవలసిన వృత్తి నైపుణ్యం.